యుద్ధకాలంలో చదువులకు నీడనిచ్చిన ఊరు లిజ్వాంగ్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

గత సంచికలో నదుల ఒడ్డున ఉన్న పాత ఊళ్ల గురించి రాస్తూ చైనాలోని లిజ్వాంగ్ మీద ఒక చిన్న పేరా వేశాం. సిచువాన్ రాష్ట్రంలో, యాంగ్జీ నది దక్షిణపు ఒడ్డున ఉన్న రేవు ఊరు అది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఒక విశ్వవిద్యాలయం, దేశంలోని పెద్ద పరిశోధన సంస్థలు 1940 నుంచి 1946 దాకా అక్కడే తలదాచుకున్నాయి. దాని మీద ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పాఠకులు పంపిన ప్రశ్నల్లో నలుగురికీ పనికొచ్చేవాటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: అన్ని పెద్ద సంస్థలు అంత మారుమూల ఊరికే ఎందుకు పోయినయి? దగ్గర్ల పట్నాలు లేవా?
– చరిత్ర అధ్యాపకుడు, మిర్యాలగూడ

జవాబు: పట్నాలు ఉన్నాయి, కానీ బాంబులు పడేది వాటి మీదే. 1937లో షాంఘై మీద జపాన్ దాడి మొదలయ్యాక తోంగ్జీ విశ్వవిద్యాలయం భవనాలు బాంబులకు నేలమట్టమయ్యాయి. విద్యార్థులు, అధ్యాపకులు, ప్రయోగశాల సామాను అంతా జెజియాంగ్, జియాంగ్సీ, గ్వాంగ్సీల మీదుగా మజిలీలు మారుతూ యున్నాన్‌లోని కున్‌మింగ్ చేరారు. 1940 నాటికి కున్‌మింగ్ మీదా దాడులు జరుగుతున్నాయి. ఆ సెప్టెంబరులో జపాన్ సైన్యం పొరుగునే ఉన్న ఫ్రెంచ్ ఇండోచైనా ఉత్తర భాగంలోకి వచ్చేసింది. యుద్ధకాలపు రాజధాని చోంగ్‌చింగ్‌కు పోదామంటే అది అప్పటికే కిక్కిరిసి ఉంది, పైగా అన్నిటికంటే ఎక్కువ దాడులు దాని మీదే.

అంటే వాళ్లకు కావలసింది శత్రు విమానాల కంట పడని ఊరు. అయినా బరువైన పెట్టెలు చేరడానికి జలమార్గం ఉండాలి. వందలమంది కూర్చోగల కప్పులు ఉండాలి. ఈ మూడూ లిజ్వాంగ్‌లో ఉన్నాయి. ఇబిన్ నగరం దగ్గర జిన్షా, మిన్ నదులు కలుస్తాయి. అక్కడి నుంచే ఆ ప్రవాహాన్ని యాంగ్జీ అంటారు. అక్కడికి సుమారు 20 కిలోమీటర్లు దిగువన లిజ్వాంగ్. ధాన్యం, సరుకుల వ్యాపారంతో బతికిన రేవు కాబట్టి వర్తకులు కట్టించిన సంఘ భవనాలు, గుళ్లు, వంశాల పూర్వీకుల మందిరాలు చాలా ఉండేవి. తొమ్మిది మందిరాలు, పద్దెనిమిది గుళ్లు అని ఊరివాళ్లు ఇప్పటికీ లెక్క చెబుతారు.

చోటు కోసం వెతుకుతున్నారని తెలిసి ఊరి పెద్దలు పంపిన పదహారు అక్షరాల తంతి చాలా ప్రసిద్ధం. తోంగ్జీ సిచువాన్‌కు రావాలి, లిజ్వాంగ్ స్వాగతిస్తోంది, ఏం కావాలన్నా ఊరే సమకూరుస్తుంది అని దాని సారాంశం. ఊళ్లో మీకు అడుగడుగునా ఇదే కనిపిస్తుంది. మా దృష్టిలో తంతి పంపడం కంటే తర్వాత ఆరేళ్లు ఆ మాట మీద నిలబడటమే పెద్ద విషయం. ఊరి జనం మూడు వేలు, వచ్చినవాళ్లు పదివేల పైచిలుకు. దేవుడి విగ్రహాలను పక్కకు జరిపి మండపాల్లో తరగతులు పెట్టారు. బియ్యం, ఉప్పు, వంటచెరకు, పడుకునే జాగా అన్నిటికీ కటకటే. వైద్య విద్యార్థుల దగ్గరి అస్థిపంజరాలు, పురావస్తు శాస్త్రవేత్తల పెట్టెల్లోని పుర్రెలు బయటపడేసరికి, నది దిగువ ప్రాంతాల నుంచి వచ్చినవాళ్లు మనుషులను తింటున్నారని పుకారు లేచింది. సంస్థలు దాన్ని బెదిరింపుతో అణచలేదు. ఎముకలను, పరికరాలను బహిరంగంగా ప్రదర్శనకు పెట్టి, అవి దేనికో జనానికి విడమరచి చెప్పారు.

ప్రశ్న: రెండు రోజులు ఉండేటట్టు పోతున్నం. ఏది ముందు, ఏది తర్వాత చూడాలె? గైడ్లు అరగంటల ఊరంత తిప్పి వదిలేస్తరని విన్నం.
– పాఠకురాలు, నల్లగొండ

జవాబు: అరగంటలో తిప్పేది నది ఒడ్డున ఉన్న అంగళ్ల వీధినే. అక్కడ ఎర్ర లాంతర్లు, తినుబండారాలు తప్ప ఎక్కువేమీ కనిపించవు. ఏ భవనంలో ఏ సంస్థ పనిచేసిందో ముందు తెలుసుకుని పోతే తప్ప లిజ్వాంగ్ అర్థం కాదు. అందుకని ఈ పేర్లు కాగితం మీద రాసుకోండి. వీలైతే చైనా లిపిలో అచ్చు తీయించుకుంటే దారి అడగడం తేలిక.

మొదటి రోజు పాత ఊరికే కేటాయించండి. ముందు హుయిగ్వాంగ్ ఆలయం. దాని పాత పేరు యువాంగ్ మందిరం. వరదలను అదుపు చేశాడని చైనీయులు కొలిచే యూ చక్రవర్తిది ఆ గుడి. తోంగ్జీ విశ్వవిద్యాలయం ప్రధాన కార్యాలయం ఇందులోనే నడిచింది. తొమ్మిది డ్రాగన్లు చెక్కిన రాతి ఫలకం కూడా ఇక్కడే ఉంది. తర్వాత దోంగ్యుయె ఆలయం: ఇంజినీరింగ్ కళాశాల. నాన్హువా మందిరం: విజ్ఞానశాస్త్ర కళాశాల. జూషీ మందిరం: వైద్య కళాశాల. ఊరికి కరెంటు దీపం వచ్చింది తోంగ్జీ వాళ్ల పుణ్యానే.

మధ్యాహ్నం జాంగ్ వంశీకుల పూర్వీకుల మందిరానికి పోండి. జాతీయ మ్యూజియం సన్నాహక కార్యాలయం ఇక్కడ ఉండేది. పురావస్తు శాస్త్రవేత్త లీ జీ దాని పెద్ద. ఈ మందిరం కిటికీ తలుపుల మీది చెక్కడం దగ్గర కనీసం పావుగంట ఆగండి. 50 చెక్క పలకలు, ఒక్కో పలకలో రెండు కొంగలు, మొత్తం వంద. చూసి ‘బాగుంది’ అనుకుని దాటిపోతారు చాలామంది. ఒక పలక ముందు నిలబడి మెడలు ఎటు వంగాయో, రెక్క ఎంత విప్పిందో, కాలు ముడిచిందా చాచిందా చూసి, పక్క పలకకు పోయి మళ్లీ అదే చూడండి. జంట జంటకూ భంగిమ మారుతుంది. ఉదయం ఎండ ఏటవాలుగా పడే వేళయితే చెక్కడం లోతు ఇంకా బాగా తెలుస్తుంది. కాబట్టి రెండో రోజు పొద్దున మరోసారి తొంగి చూసినా నష్టం లేదు.

సాయంత్రం శీజీ సందు. రెండు వైపులా మిద్దె చెక్క ఇళ్లు ముందుకు వంగి, పైన చూరుల మధ్య సన్నని ఆకాశపు గీత మాత్రమే మిగులుతుంది. ఇళ్లలో మనుషులు కాపురం ఉంటున్నారు. గడప దాటి ఫొటోలు తీయొద్దు. నది ఒడ్డున కనిపించే కుయిశింగ్ గోపురం ఇటీవలి కాలంలో మళ్లీ కట్టినది. దాన్ని పాతదనుకోవద్దు.

రెండో రోజు ఊరి బయటికి. యుయెలియాంగ్ తియన్, బాన్లీఆవ్, శువాన్లువో మందిరం అని మూడు చోట్లు. మొదటి రెండూ వదిలేసి వచ్చినవాళ్లు సగం లిజ్వాంగ్‌నే చూసినట్టు. చైనాలో చాలా ప్రదర్శనశాలలకు సోమవారం సెలవు. ఆ రోజు తగలకుండా చూసుకోండి.

ప్రశ్న: ఆర్కిటెక్చర్ మూడో సంవత్సరం చదువుతున్నాను. లియాంగ్ సిచెంగ్, లిన్ హుయిఇన్ ఇక్కడ ఏం పని చేశారు? ఇప్పుడు చూడటానికి ఏముంది?
– విద్యార్థిని, మహబూబ్‌నగర్

జవాబు: మీ ప్రశ్నకు కాస్త పెద్ద జవాబే చెప్పాలి. చైనా వాస్తు నిర్మాణ పరిశోధన సంఘం యుయెలియాంగ్ తియన్ అనే శివారు పల్లెలో ఒక పెంకుటింట్లో నడిచింది. ఆ సంఘంలో పనిచేసిన వాస్తు చరిత్రకారులు లియాంగ్, లిన్ భార్యాభర్తలు. ఇద్దరూ అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో చదువుకుని వచ్చినవాళ్లు. లిజ్వాంగ్ వచ్చేసరికి లిన్‌కు క్షయ తిరగబెట్టింది. ఎక్కువ కాలం మంచం మీదే ఉండి పాత గ్రంథాల నుంచి ఆధారాలు ఏరి ఇచ్చేది. లియాంగ్‌కు వెన్నెముక జబ్బు. నడుముకు లోహపు పట్టీ కట్టుకుని గీత గీసేవాడు. తల బరువు మెడ మోయలేక, గడ్డం కింద చిన్న కూజా ఆనించుకునేవాడు. చైనా వాస్తు చరిత్రను ఆయన 1944లో పూర్తి చేసింది ఈ ఇంట్లోనే. 1103 నాటి సోంగ్ రాజవంశపు నిర్మాణ నియమ గ్రంథానికి బొమ్మలతో వ్యాఖ్యానం రాసే పని కూడా ఇక్కడ నడిచింది.

సంఘం పత్రిక కథ మీకు ఇంకా ఉపయోగపడుతుంది. యుద్ధం వల్ల ఆగిపోయిన పత్రికను వాళ్లు ఏడో సంపుటంగా 1944, 1945లలో రెండు సంచికలు తెచ్చారు. అచ్చుయంత్రం లేదు, ఫొటోలు వేసే దారి లేదు. ప్రత్యేకమైన సిరాతో, మందు పూసిన కాగితం మీద వ్యాసాలు చేతిరాతతో రాశారు. కొలతల బొమ్మలు అట్లాగే గీశారు. దాన్ని రాతి మీదికి ఎక్కించి, దొరికిన నాటు కాగితం మీద ముద్రించి, మడతపెట్టి కుట్టింది కూడా సంఘం వాళ్లూ ఇంట్లోవాళ్లూ కలిసే. వూతాయ్ పర్వతం మీది ఫోగ్వాంగ్ ఆలయం గురించిన వ్యాసం ఇందులోనే వచ్చింది. 857 నాటి ఆ చెక్క మండపాన్ని ఈ బృందం 1937లో కనుక్కుంది. ఇంత పెద్ద విషయం ఇంత పేద కాగితం మీద ఎట్లా బయటికి వచ్చిందో ప్రదర్శనలో ఆ సంచికల నమూనాల దగ్గర గమనించండి. గీతల మందం చూడండి. రాతి అచ్చులో సన్నగీత చెదురుతుంది కాబట్టి కోసిన భాగానికి లావు గీత, వెనుక కనిపించేదానికి సన్న గీత అని తేడా స్పష్టంగా ఉంచాల్సి వచ్చేది.

శువాన్లువో మందిరం ఊరికి దక్షిణాన, నడిస్తే ముప్పావు గంట దూరంలో చిన్న గుట్ట మీద ఉంది. మింగ్ రాజవంశం కాలంలో, 1596లో కట్టింది. బయటినుంచి ఎనిమిది మూలలు, మూడు వరసల చూరు. లోపలికి పోతే రెండు అంతస్తులే. బయటి లెక్క లోపల కుదరదు. చూడాల్సింది పైకప్పు లోపలి భాగం. దిమ్మె మీద చేయి, చేయి మీద దిమ్మె పేర్చుకుంటూ పోయే చెక్క కీళ్లను చైనా వాస్తులో దోగోంగ్ అంటారు. మామూలుగా ఇవి చూరు కింద నేరుగా ముందుకు వస్తాయి. ఇక్కడ ఒక్కో వరస కాస్త పక్కకు జరుగుతూ పైకి పోవడంతో కప్పు నత్తగుల్లలా సుడి తిరుగుతుంది. పేరు వచ్చింది అందుకే. లియాంగ్ దీని చెక్క చట్రాన్ని ఎంతో మెచ్చుకున్నాడు. సంఘం కొలిచి బొమ్మలు గీసిన కట్టడాల్లో ఇది ఒకటి.

స్కెచ్ పుస్తకంతో పాటు చిన్న టార్చి, మెడ పట్టేయకుండా చిన్న అద్దం పట్టుకుపోండి. అద్దాన్ని నడుము ఎత్తులో పట్టుకుని కప్పు చూస్తూ గీస్తే సుడి ఎటు తిరుగుతోందో తారుమారు అవుతుంది. గీసిన తర్వాత తల ఎత్తి ఒకసారి సరిచూసుకోవాలి. స్తంభాల మీద చేయి వేయొద్దు, ఫ్లాష్ వాడొద్దు. మరో మాట: ఇబిన్ కుర్రాడు లువో జెవెన్ పదహారేళ్ల వయసులో 1940లో ఈ సంఘంలో శిక్షణకు చేరాడు. తర్వాతి కాలంలో చైనా మహాకుడ్యం సంరక్షణలో పెద్ద పేరు ఆయనదే. సంఘంలో చేరడానికి డిగ్రీ అడగలేదు, గీత చూశారు.

ప్రశ్న: తోంగ్జీ వైద్య కళాశాల ఏదో జబ్బు కారణం కనిపెట్టిందని చదివాను. వివరాలు చెప్పగలరా?
– వైద్యుడు, నాగర్‌కర్నూల్

జవాబు: ఆ ప్రాంతంలో భోజనం తర్వాత ఉన్నట్టుండి వాంతులు, విరేచనాలు, కాళ్లు తిమ్మిరెక్కడం మొదలై, బలహీనత కాళ్లనుంచి పైకి పాకి, ముదిరితే ఊపిరి కండరాలు పడిపోయి మనిషి చనిపోయే జబ్బు ఉండేది. అంటువ్యాధి అనుకునేవారు. తోంగ్జీ వైద్యులు రోగులను, వాళ్లు తిన్నదాన్ని పరిశీలించి, తప్పు ఉప్పులో ఉందని తేల్చారు. స్థానికంగా భూగర్భ ఉప్పునీటిని కాచి తీసే ఉప్పులో బేరియం క్లోరైడ్ కలిసి వస్తోంది. నల్లగొండ ఫ్లోరైడ్ గోస తెలిసినవాళ్లకు ఇది వివరించే పనే లేదు: శాపమో అంటురోగమో అనుకున్నది రోజూ నోట్లోకి పోయేదాంట్లోనే ఉంది. తేడా ఏమిటంటే ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఎముకను వంచుతుంది, బేరియం గంటల్లో కండరాన్ని పడేస్తుంది.

మీరు వైద్యులు కాబట్టి ఒక మాట. బేరియం కణాల నుంచి పొటాషియం బయటికి వచ్చే దారిని మూసేస్తుంది. రక్తంలో పొటాషియం పడిపోయి, కండరం స్పందించదు. అందుకే కడుపులో ఉన్న బేరియాన్ని కరగని సల్ఫేటుగా మార్చడానికి సోడియం సల్ఫేట్ గానీ మెగ్నీషియం సల్ఫేట్ గానీ ఇస్తారు. పొటాషియం ఎక్కిస్తారు. ఉప్పు తయారీలోనే సల్ఫేటు కలిపి బేరియాన్ని దిగగొడితే రోగం రాకుండా ఆపవచ్చు. అసలు చిక్కు విడిపోయింది వార్డులో కాదు, వంటింట్లో. జూషీ మందిరంలో నిలబడినప్పుడు, పరికరాలు అంతంతమాత్రంగా ఉన్న కాలంలో ఇది తేల్చారని గుర్తుంచుకుని చూడండి.

ప్రశ్న: బాన్లీఆవ్ అనే చోటు తప్పక చూడాలంటారు. అక్కడ ఏమున్నది? మా నాన్నకు 68 ఏండ్లు, మోకాళ్ల నొప్పులు. ఎక్కగలడా?
– పాఠకుడు, వనపర్తి

జవాబు: ఊరికి సుమారు 4 కిలోమీటర్ల దూరంలో గుట్ట మీద ఉన్న పాత జమీందారీ ఇళ్ల సముదాయం అది. అకడమియా సినికా అనే జాతీయ పరిశోధన సంస్థకు చెందిన చరిత్ర, భాషాశాస్త్ర విభాగం ఇక్కడే ఉంది. ఫు సినియన్ దాని డైరెక్టర్. పుస్తకాలతో వస్తున్న ఒక పడవ ఇబిన్ దగ్గర బోల్తా పడి పెట్టెలు తడిస్తే, ఒక్కో పుస్తకం విప్పి ఆరబెట్టుకుని గుట్ట ఎక్కించారు. ఆ గ్రంథాలయం వల్లే మిగతా సంస్థల వాళ్లు, విద్యార్థులు మెట్లెక్కి ఇక్కడికి వచ్చేవారు. ఆన్యాంగ్ తవ్వకాల్లో దొరికిన, తాబేటి చిప్పల మీద, పశువుల ఎముకల మీద చెక్కిన మూడు వేల ఏళ్ల నాటి రాతలను ఆధారం చేసుకుని, డోంగ్ జువోబిన్ షాంగ్ రాజుల కాలపు పంచాంగాన్ని తిరిగి కట్టే పని పూర్తి చేసి 1945లో ప్రచురించింది ఇక్కడినుంచే.

1943 జూన్‌లో బ్రిటిష్ శాస్త్రవేత్త జోసెఫ్ నీడం లిజ్వాంగ్ వచ్చాడు. ఈ విభాగంలోనే వాంగ్ లింగ్ అనే యువ చరిత్రకారుడు ఆయనకు పరిచయమయ్యాడు. తర్వాత కేంబ్రిడ్జ్ వెళ్లి, చైనా విజ్ఞాన చరిత్ర మీద నీడం తెచ్చిన మహా సంపుటాల్లో తోడు నిలిచింది ఆయనే. మొదటి సంపుటం 1954లో వచ్చింది. 1946లో తిరిగి పోతూ పరిశోధకులు ఊరికి కృతజ్ఞతగా ఒక శిలాఫలకం నిలిపారు. మీకు కనిపించేది దాన్ని మళ్లీ చెక్కి పెట్టినది.

ఇక మీ నాన్నగారి విషయం. పాత దారి రాతి మెట్లది. నాచు పట్టి వానాకాలంలో జారుతుంది. ఎక్కడం కంటే దిగడమే మోకాళ్లకు కష్టం. ఊరినుంచి కారు మాట్లాడుకుని పైదాకా పోయి, అదే కారును ఆపుకుని తిరిగి రండి. పైన కూడా ప్రాంగణానికీ ప్రాంగణానికీ మధ్య మెట్లు, ఎత్తు గడపలు ఉంటాయి. ఆయన ఒకటి రెండు ప్రాంగణాలు చూసి నీడన కూర్చుంటే, మీరు మిగతావి చూసి రావచ్చు. మడిచే చేతికర్ర, రబ్బరు అడుగున్న చెప్పులు తప్పనిసరి. నున్నటి అడుగున్న తోలు చెప్పులు ఆ రాళ్ల మీద పనికిరావు.

ప్రశ్న: వీసా ఎట్లా? హైదరాబాద్ నుంచి ఎట్లా చేరాలె?
– విశ్రాంత ఉద్యోగి, సూర్యాపేట

జవాబు: వీసా ముందే తీసుకోవాలి. కొన్ని దేశాల వాళ్లకు చైనా ఇచ్చే 240 గంటల వీసా రహిత ట్రాన్సిట్ జాబితాలో భారత్ లేదు. దరఖాస్తు ఆన్‌లైన్‌లో నింపి, మన ప్రాంతానికి కేటాయించిన చైనా వీసా కేంద్రంలో పాస్‌పోర్టు ఇవ్వాలి. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు, ఖాళీ పేజీలు ఉండాలి. ఫొటో కొలత 33 బై 48 మిల్లీమీటర్లు, తెల్లటి నేపథ్యం. మన స్టూడియోల్లో అడగకుండానే తీసిచ్చే కొలత వేరు, అక్కడే చాలా దరఖాస్తులు వెనక్కి వస్తాయి. విమాన, హోటల్ బుకింగ్‌ల తేదీలు దరఖాస్తులో రాసిన తేదీలతో కలవాలి.

హైదరాబాద్ నుంచి బ్యాంకాక్, కౌలాలంపూర్, సింగపూర్ లేదా హాంకాంగ్ మీదుగా చెంగ్డూ చేరండి. చెంగ్డూలో రెండు విమానాశ్రయాలు ఉన్నాయి, షువాంగ్లియూ, తియన్ఫూ. దేశీయ విమానం పట్టుకోవాల్సి ఉంటే రెండూ ఒకటేననుకుని తక్కువ వ్యవధి పెట్టుకోవద్దు. అక్కడి నుంచి ఇబిన్‌కు హైస్పీడ్ రైలు, బండిని బట్టి ఒకటి నుంచి రెండు గంటలు. టికెట్లు ప్రయాణానికి 15 రోజుల ముందు అమ్మకానికి వస్తాయి. పాస్‌పోర్టే మీ టికెట్టు, బుకింగ్‌లో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం తప్పకుండా ఉండాలి. మనకు ఇంటిపేరు పెద్దది, పేరు రెండు మూడు ముక్కలు కాబట్టి ఇక్కడే తేడా వస్తుంది. ఆటోమేటిక్ గేటు తెరుచుకోకపోతే కంగారు వద్దు, పక్కనే సిబ్బంది ఉండే గేటు ఉంటుంది. పెద్ద ఊళ్లకు దిక్కుల పేర్లతో రెండు మూడు స్టేషన్లు ఉంటాయి. టికెట్ మీద ఉన్న స్టేషన్ పేరునే ట్యాక్సీ డ్రైవర్‌కు చూపించండి. స్టేషన్‌లో సామాను తనిఖీ ఉంటుంది, ముప్పావు గంట ముందు చేరాలి.

పవర్ బ్యాంక్ గురించి: 2025 జూన్ 28 నుంచి చైనా దేశీయ విమానాల్లో 3సీ అనే చైనా భద్రతా ధ్రువీకరణ గుర్తు లేని పవర్ బ్యాంకులను రానివ్వడం లేదు. ఇక్కడ కొన్నవాటి మీద సాధారణంగా ఆ గుర్తు ఉండదు. రైల్లోనే పోయేటట్టు చూసుకోండి, లేదా అక్కడే కొనుక్కోండి.

బస ఇబిన్‌లో పెట్టుకుంటే మేలు. విదేశీయులు ఎక్కడ దిగినా 24 గంటల్లో పోలీసు దగ్గర నమోదు కావాలి. హోటల్ వాళ్లే చేస్తారు గానీ, చిన్న అతిథి గృహాలకు ఆ ప్రక్రియ తెలియక రాత్రిపూట వెనక్కి పంపే అవకాశం ఉంది. ఊళ్లోనే ఉండాలనుకుంటే విదేశీ పాస్‌పోర్టు తీసుకుంటారా అని ముందే రాతపూర్వకంగా అడగండి. ఇబిన్ నుంచి లిజ్వాంగ్‌కు ట్యాక్సీలో పోతే, చీకటి పడ్డాక తిరుగు బండి కోసం ఇబ్బంది పడకుండా వచ్చినప్పుడే మాట్లాడుకోండి.

ప్రశ్న: యూపీఐ పనిచేస్తదా? వాట్సాప్?
– పాఠకుడు, గద్వాల

జవాబు: యూపీఐని నమ్ముకుని పోవద్దు. ఇంటి దగ్గరే అలీపే యాప్ దించుకుని, పాస్‌పోర్టు వివరాలిచ్చి, వీసా లేదా మాస్టర్ కార్డు జతచేసి పెట్టుకోండి. బ్యాంకులో ఆ కార్డుకు అంతర్జాతీయ వాడకం ఆన్ చేయించండి. ఓటీపీ వచ్చే సిమ్‌కు రోమింగ్ ఉండాలి. ఇది మరచిపోతే అక్కడ యాప్ ఉండి కూడా పైసా కదలదు. 200 యువాన్ల లోపు చెల్లింపుకు అలీపే అదనపు రుసుం వేయదు, దాటితే 3 శాతం వేస్తుంది. కాబట్టి చిన్న బిల్లులను ఒకటిగా కలపకుండా విడివిడిగా కట్టుకోండి. కొంత నగదు కూడా ఉంచుకోండి.

అక్కడి వైఫైలో గూగుల్, వాట్సాప్, యూట్యూబ్ రావు. మన సిమ్ అంతర్జాతీయ రోమింగ్ డేటా మీద సాధారణంగా వాట్సాప్ పనిచేస్తుంది. దారికి గూగుల్ మ్యాప్ వద్దు, చైనాలో స్థానాలు పక్కకు జరిగి చూపిస్తుంది. ఆమ్యాప్ వాడండి.

ప్రశ్న: మేము పూర్తి శాకాహారులం. తినడానికి ఏం దొరుకుతుంది?
– పాఠకురాలు, దేవరకొండ

జవాబు: జాగ్రత్తగా అడిగితే దొరుకుతుంది, అడగకపోతే దొరకదు. లిజ్వాంగ్ పేరు చెప్పగానే గుర్తొచ్చే వంట పంది మాంసం. ఉడికించిన మాంసాన్ని జానెడు కంటే పొడవుగా, కాగితంలా పలుచగా కోసి, చాప్‌స్టిక్‌కు చుట్టి వెల్లుల్లి, మిరప నూనెలో ముంచి తింటారు. తినేవాళ్లు పొద్దున్నే కోస్తున్న దుకాణం చూసుకుని కూర్చోండి. ఆ కోతలోనే పనితనం.

మీకు ఇబిన్ రాన్‌మియన్ అనే పొడి నూడుల్స్ ఉన్నాయి. నూనె, మిరప, వేరుసెనగలు, ఊరబెట్టిన ఆవకూర వేసి కలుపుతారు. మామూలుగా పైన కీమా చల్లుతారు. ‘బు యావ్ రో’ అంటే మాంసం వద్దని. అయితే దాంతో సరిపోదు, వాళ్ల దృష్టిలో పంది కొవ్వు మాంసం కిందికి రాదు. ‘బు యావ్ జూయూ’, పంది కొవ్వు వద్దు అని కూడా చెప్పాలి. బియ్యంపిండితో చేసే తెల్ల మిఠాయి కొనేముందు కూడా ఇదే అడగండి. ఈ వాక్యాలు చైనా లిపిలో రాసిన కార్డు చేతిలో ఉంటే మంచిది, మన ఉచ్చారణ అక్కడివాళ్లకు చాలాసార్లు అర్థం కాదు. టోఫూ, వంకాయ, పచ్చి చిక్కుడు వేపుళ్లు, అన్నం అన్నిచోట్లా ఉంటాయి. సిచువాన్ మిరియం నోరు మొద్దుబారుస్తుంది, అది కారం కాదు, భయపడొద్దు.

ఇంటినుంచి కంది పొడి, కరివేపాకు పొడి ప్యాకెట్లు చాలు. నెయ్యి, పాలపదార్థాలు, తాజా పండ్లు, విత్తనాలు పెట్టెలో పెట్టకండి. చైనా కస్టమ్స్ వాళ్లు తీసేసుకుంటారు.

ప్రశ్న: ఏ నెలల పోతే మంచిది?
– పాఠకుడు, కోదాడ

జవాబు: మార్చి చివర నుంచి మే దాకా, లేదా అక్టోబరు రెండో వారం నుంచి నవంబరు దాకా. జులై, ఆగస్టుల్లో ఉక్కపోత, వానలు, నది పొంగు. అప్పుడు ఒడ్డున మెట్లు దిగొద్దు. చలికాలంలో ఉష్ణోగ్రత మరీ పడిపోదు గానీ తేమ చలి, ఇళ్లలో వేడి చేసే ఏర్పాటు ఉండదు. అక్టోబరు మొదటి వారం, మే మొదటి వారం, చైనా కొత్త సంవత్సరం సెలవుల్లో రైలు టికెట్ దొరకడం కష్టం, శీజీ సందులో అడుగు పడదు.